రబ్బరు రింగూ, వీధి గదీ

మా ఇంటి వీధి గదిలో నేను ఆవిరింజన్ నడిపాను. ఈ మాట ఎవరితో అన్నా వినేవాళ్లు కాస్త ముందుకు వంగుతారు. ప్రొద్దుటూరులో, నడివీధిలో ఉన్న ఇంట్లో, ఆవిరింజనా అని. వాళ్లు అలా వంగడం నాకు ఇష్టం కాబట్టి మొదట ఈ మాటే అంటాను. నిజం రెండో మాటగా వస్తుంది. ఇంజన్ మొత్తం కలిపితే టిఫిన్ క్యారియర్ అంత ఉంటుంది. సిలిండర్ లోపల నా బొటనవేలు పడుతుంది, అంతకు మించి పట్టదు. అది దేన్నీ లాగదు, దేన్నీ తోడదు. ఒక ఇత్తడి చక్రాన్ని తిప్పుతుంది. అది కూడా తిరగాలని దానికి బుద్ధి పుట్టినప్పుడు.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తే మంచిది. ఆ ఇంజన్ చేసింది నేను కాదు, మా బావ. మా ఆవిడకు అన్న. జమ్మలమడుగులో ఉంటాడు. పాలిటెక్నిక్‌లో పిల్లలకు లేత్ పని నేర్పించి రిటైరయ్యాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో సొంతంగా చిన్న లేత్ పెట్టుకుని, పొద్దున కాఫీ తాగింది మొదలు ఇత్తడి కడ్డీలు తరుగుతూ ఉంటాడు. బాయిలర్‌కు రాగి రేకు తెచ్చిందీ, మా వీధిలో బంగారు పని చేసే ఆయన్ను బతిమాలి దానికి వెండి అతుకు పెట్టించిందీ మాత్రం నేనే. బిగింపు పని కూడా నాదే. బావకు కళ్లు బాగా కనిపిస్తాయి గానీ చేతులు వణుకుతాయి. నాకు చేతులు వణకవు గానీ చూపు ఆనదు. ఇద్దరూ కలిస్తే ఒక మనిషి లెక్క అని మా ఆవిడ అంటుంది. అది కూడా పూర్తి మనిషి కాదట.

నేను బస్సు డిపోలో ఇంజన్ల మెకానిక్‌గా చేశానని చెప్పుకుంటాను. చేసింది డిపోలోనే, అది నిజం. కానీ నాది బ్రేకుల సెక్షన్. ఇంజన్ బస్సును కదిలించేది, నేను ఆపేవాణ్ణి.

రిటైరైన తర్వాత పొద్దున లేస్తే పోవడానికి నాకు ఒక చోటు లేకుండా పోయింది. మొదట్లో డిపో దాకా నడుచుకుంటూ పోయి టీ తాగి వచ్చేవాణ్ణి. అక్కడ కొత్తవాళ్లు చేరారు, నన్ను చూసి లేచి కుర్చీ ఇచ్చేవాళ్లు. కుర్చీలో కూర్చుని ఇతరులు పని చేస్తుంటే చూడడం నా వల్ల కాలేదు. అప్పుడు వీధి గది తెరిచి, పాత తలుపు రెక్కను బల్లగా వేసుకుని, ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచడానికి దానికి ఒక వైస్ బిగించాను. బావ చేసి పంపిన ముక్కలన్నీ ఆ బల్ల మీదే ఇంజన్ అయ్యాయి. రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ అది తిరగలేదు. నేను మాత్రం పనికి పోతున్న మనిషిలాగా స్నానం చేసి, చొక్కా వేసుకుని, హాల్లోంచి వీధి గదికి పోయేవాణ్ణి.

ఎందుకు తిరగలేదంటే, పిస్టన్ పక్కనుంచి ఆవిరి జారిపోయేది. బావ మొదట నూలు దారం చుట్టించాడు. ఆవిరి చక్రాన్ని తోసే బదులు దారాన్ని తడిపి, బయటికి వచ్చి నా కళ్లద్దాల మీద కూర్చునేది. ఆ తర్వాతే రబ్బరు రింగు మాట వచ్చింది.

రింగు అంటే పెద్ద వస్తువేం కాదు. వేలికి పెట్టుకునే ఉంగరమంత ఉంటుంది, మందం అగ్గిపుల్లంత. పిస్టన్ చుట్టూ గాడి తరిగి, ఆ గాడిలో దాన్ని కూర్చోబెట్టాలి. గాడిలోంచి రింగు ఎంత పైకి తేలాలన్నదే అసలు విద్య. ఎక్కువ తేలితే సిలిండర్ గోడను పట్టుకుని పిస్టన్‌ను కదలనివ్వదు. తక్కువైతే ఆవిరి జారిపోతుంది. బ్రేకుల పనిలో బతికినవాణ్ణి కదా, వదులు అన్న మాట వింటేనే నాకు ఒంట్లో అదోలా ఉంటుంది. గాడి లోతు తగ్గించమని, రింగు గట్టిగా పట్టాలని బావ మీద పోరు పెట్టాను.

"బావా, ఇది లారీ గాదు. అంత గట్టిగా పెట్టినావంటే ఏనుగొచ్చి తోసినా తిరగదు" అన్నాడు.

"లీకు కాగూడదు గదా."

"కొంచెం అయితే కానీ. ముందు అది తిరగల్ల. ఆవిరి ఎక్కినాక ఆవిరే రింగును గోడకు ఒత్తుతాది. నువ్వు ఒత్తే పన్లేదు."

ఆయన మాట విని లోతైన గాడితోనే మొదటి రింగు ఎక్కించాను. సిలిండర్‌లోకి తోశాను. బీరకాయ చెక్కు తీసినప్పుడు వచ్చినట్టు, సన్నటి నల్లటి పోగు ఒకటి బయటికి వచ్చింది. సిలిండర్ మూతి అంచు కత్తిలా ఉండి రింగును చెక్కేసింది. అంచు సంగతి తెలుసుకునే లోపల బావ తెచ్చిన రింగులన్నీ అట్లే చెక్కుకుపోయాయి. ఆయన సిలిండర్‌ను జమ్మలమడుగు తీసుకుపోయి, మూతిని లోపలికి వాలుగా తరిగి మళ్లీ పంపాడు. ఇప్పుడు గాడి బాగుంది, మూతి బాగుంది. రింగు లేదు. కొత్తవి బెంగళూరు నుంచి రావాలి. ఆవిరికీ నూనెకూ రెండింటికీ తట్టుకునేవి, గోధుమ రంగువి, అవే తెప్పిస్తున్నానని బావ చెప్పాడు. వారం పైన పట్టవచ్చన్నాడు.

సరిగ్గా ఆ సమయానికే వ్యవహారం గది మీదికి వచ్చింది.

మా కోడలు జాకెట్ల మీద మగ్గం పని చేస్తుంది. మంచమంత చెక్క ఫ్రేముకు గుడ్డను బిగదీసి కట్టి, దాని మీద జరీ, పూసలు కుట్టే పని. అంతవరకు పక్క వీధిలో ఒకామె ఇంట్లో, ఆమె మగ్గం మీద, ఆమె తెచ్చిన పని కుట్టేది. ఈసారి ఒక బట్టల షాపువాళ్ల ఇంట్లో పెళ్లి జాకెట్లన్నీ నేరుగా మా కోడలికే ఒప్పజెప్పారు. సొంత మగ్గం చేయమని వడ్రంగికి చెప్పేసింది. ఇక దాన్ని వేసుకోవడానికి చోటు కావాలి. మా కొడుకు ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పోతాడు. ఇంట్లో ఉన్నంతసేపూ హాల్లో ఫ్యాను కింద నిద్రపోతూనే ఉంటాడు. మా ఇంట్లో మగ్గం పట్టే గది, వచ్చేపోయే ఆడవాళ్లు కొలతలిచ్చి పోగలిగే గది, ఒక్కటే.

అన్నం దగ్గర మా ఆవిడ మాట ఎత్తింది.

"వచ్చే సోమవారం మగ్గం దిగుతాది. వీధి గది ఖాళీ చేయల్ల."

"నా ఇంజనో?"

"నీ ఇంజన్ ఏమన్నా తిరిగేదా? రేపు తిరుగుతాది, ఎల్లుండి తిరుగుతాది అని రెండేండ్ల నుంచి చెప్తాండావు. నా కుక్కర్ గాస్కెట్ మార్చి పెట్టమంటే ఆర్నెల్లు పట్టె నీకు."

"ఈ ఆదివారానికి తిరుగుతాది."

కోడలు మధ్యలో అందుకుంది. "వద్దులే అత్తా. నేను హాల్లోనే యాడో ఒకచోట వేసుకుంటా."

"హాల్లో యాడేస్తావమ్మా? జాకెట్లకొచ్చినోళ్లు వాని కాళ్లు దాటుకుంటా రావల్లనా?" అని, నా వైపు తిరిగింది మా ఆవిడ. "సరేప్పా. ఆదివారం మధ్యాన్నం కుక్కర్ పెడతా. మూడు విజిల్లు వచ్చేదంక నీ ఇంజన్ నిలబడకుండా తిరగల్ల. తిరిగితే గది నీదే, ఇంగ నేను నోరెత్తను. నిలబడితే సామాన్లు ఎత్తెయ్."

"మూడు కాదు, ముప్పై విజిల్లు తిరుగుతాది" అన్నాను. దాని ఒంటి మీద రింగు కూడా లేదప్పటికి.

ఆ వారం రింగు కోసం రాయలసీమ అంతా గాలించాను. అంటే ప్రొద్దుటూరులో మూడు షాపులు. పంపుల షాపు, సైకిల్ షాపు, హైడ్రాలిక్ పైపుల షాపు. ఒకచోట గాజంతవి చూపించారు, ఒకచోట చెవి పోగంతవి చూపించారు. నాలుగో షాపు పులివెందులలో. రింగు కోసం పట్టుబట్టి పులివెందుల దాకా పోయానని చెప్తుంటాను గానీ, ఆ రోజు అక్కడ బంధువుల ఇంట్లో గృహప్రవేశం ఉంది. భోజనానికి పోయాను. పోయేటప్పుడు పిస్టన్‌ను రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాను.

భోజనం చేసి వస్తుంటే బస్టాండు దారిలో డ్రిప్ సామాన్ల షాపు కనపడింది. అరటి తోటలకు, చీనీ తోటలకు నీళ్లు పారించే సన్న పైపులూ, వాటి అతుకులూ, వాల్వులూ అమ్మే చోటు. అక్కడ రింగులు డబ్బాల కొద్దీ ఉంటాయని నాకు అప్పటిదాకా తట్టలేదు. లోపలికి పోయి రుమాలు విప్పాను.

షాపాయన పిస్టన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది యే పైపుది మామా?"

"పైపుది కాదప్పా. ఇంజన్‌ది. ఆవిరింజన్."

పక్కన పైపుల చుట్ట కొలిపించుకుంటున్న రైతు ఒకాయన మెడ తిప్పాడు. "ఆవిరితో బోరు ఆడుతాదా మామా?"

"ఆడక ఏం? కరెంటు పోయినప్పుడు దీని మీదే ఆడించొచ్చు."

"అట్లనా! ఎన్ని ఎకరాలు తడుపుతాది?"

"అది మనం పెట్టే బాయిలర్‌ను బట్టి ఉంటాది" అన్నాను. ఫోన్ నంబరు అడిగితే ఇచ్చాను కూడా. గ్లాసుడు నీళ్లు పైకెత్తలేని ఇంజన్ గురించి పాపం ఆయన తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి ఒప్పుకున్నాను. తిట్టలేదు. నవ్వి, "ఇంగేం పెద్దది చెయ్యి" అన్నాడు.

షాపాయన ఒక డబ్బా కుమ్మరించి, గాడికి సరిపోయేవి మూడు ఏరి ఇచ్చాడు. నల్లవి. గోధుమ రంగువి కావు.

"ఇవి నీళ్లకు చేసినవి గదా. వేడికి తట్టుకుంటాయా?" అని అడిగాను.

"ఎండలో ఏండ్ల తరబడి పడుంటాయి, ఏమీ కావు. ఆవిరంటే గూడా నీళ్లే గదా మామా."

నీళ్లే కదా అని నాకూ అనిపించింది. అనిపించాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను కాబట్టి తొందరగా అనిపించింది.

మరుసటి రోజు పొద్దున్నే గదిలో కూర్చుని ఎక్కించాను. రింగును పిస్టన్ అంచు మీంచి లాగితే చిట్లుతుంది. అందుకని మా ఆవిడ మోకాలి పాత ఎక్స్‌రేలోంచి ఒక ముక్క కత్తిరించి, పొట్లంలా చుట్టి, పిస్టన్ తల మీద టోపీలా పెట్టాను. రింగుకు నూనె రాసి ఆ టోపీ మీంచి జార్చాను. టక్కున గాడిలో పడింది. వేలి కొసతో చుట్టూ తడిమాను, మెలి పడలేదు. పిస్టన్‌ను మెల్లగా మెలితిప్పుతూ సిలిండర్‌లోకి తోశాను. ఈసారి పోగు రాలేదు. చక్రం తిప్పితే ఎక్కడా పట్టుకోకుండా, వేలికి కాస్త బరువు తెలిసేలా తిరిగింది. సరైన బిగువంటే అదే. మాటల్లో చెప్పడం కష్టం, వేలికి తెలుస్తుంది.

స్పిరిట్ దీపం వెలిగించాను. బాయిలర్ వేడెక్కింది. వాల్వు తిప్పి చక్రాన్ని ఒక్కసారి తట్టాను. దక్కు దక్కుమంటూ తిరగడం మొదలుపెట్టింది. రెండేళ్ల తర్వాత. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. బావకు ఫోన్ చేసి, ఫోన్‌ను ఇంజన్ దగ్గర పెట్టాను.

"ఏంది ఆ సప్పుడు?" అన్నాడు.

"నీ ఇంజనే."

ఫోన్ ఇంకా దగ్గర పెట్టమన్నాడు. తర్వాత అడిగాడు. "రింగులు యాడివి? గోధుమ రంగువేనా?"

"ఆ. అవే."

ఎందుకట్లా అన్నానంటే, అవి కావంటే ఆయన దీపం ఆర్పేయమంటాడని తెలుసు. ఆ చప్పుడు ఆపడం నాకు ఇష్టం లేదు.

అంతటితో ఊరుకుని ఉంటే ఆదివారం దాకా నడిచేదేమో. ఊరుకోలేదు. నేను తోలు వాషర్ల కాలం మనిషిని. సైకిల్ పంపులో గానీ, చేతి పంపులో గానీ, కొత్త తోలు వాషర్ వేసే ముందు రాత్రంతా నూనెలో నానబెడతాం. మెత్తబడి, గోడకు అతుక్కుని, గాలి పోనివ్వదు. ఆ అలవాటు కొద్దీ, మిగిలిన రెండు రింగులనూ ఒక సీసా మూతలో గేరాయిల్ పోసి నానేశాను. సిలిండర్ నిండా కూడా గేరాయిల్ పట్టించాను. ఆదివారానికి ఇంకా మెత్తగా నడవాలని. చక్రానికి గుడ్డ కప్పి తలుపేశాను. మూడు రోజులు దాన్ని ముట్టుకోలేదు. అంత ఓర్పు నాకు ఎప్పుడూ లేదు, ఆ ఓర్పే కొంప ముంచింది.

ఆదివారం పొద్దున గుడ్డ తీసి చక్రం తిప్పాను. కదల్లేదు. పిస్టన్ బయటికి లాగడానికి వైస్ సాయం కావలసి వచ్చింది. రింగు గాడిలో పట్టక, పొంగి బయటికి వచ్చింది. గోరు పెడితే మెత్తగా దిగింది. మూతలో చూస్తే మిగిలిన రెండూ నానిన శనగల్లా ఉబ్బి కూర్చున్నాయి.

చూడగానే తెలిసింది. డిపోలో కొత్తగా చేరినవాళ్లు బ్రేకు రబ్బర్లను డీజిల్‌తో కడిగితే సరిగ్గా ఇట్లాగే అయ్యేవి. నీళ్లకు ఎన్నాళ్లయినా తట్టుకునే రబ్బరు, నూనె తగిలితే తాగి ఉబ్బుతుంది. ఉద్యోగమంతా నేను అరిచిన అరుపు అదే. రబ్బరు ఏదో చూడకుండా నూనె తగలనివ్వొద్దురా అని. ఎంతమందిని ఎండలో నిలబెట్టానో.

కొత్త రింగుకు టైము లేదు. ఉబ్బినవాటిలో కాస్త నయంగా ఉన్నదాన్ని పిస్టన్ మీద ఉంచి, గరుకు కాగితంతో చుట్టూ అరగదీశాను. ఇంకా లావుగానే ఉంది. అప్పుడు వంటింటి ఉపాయం గుర్తుకు వచ్చింది. కుక్కర్ గాస్కెట్ వదులైతే మా ఆవిడ దాన్ని కాసేపు ఫ్రీజర్‌లో పెట్టి తీసి వాడుతుంది. బిగుసుకుంటుంది, ఒక పూటకు పని జరుగుతుంది. గాస్కెట్ బిగుసుకుంటే రింగు బిగుసుకోదా? పిస్టన్‌ను అట్లాగే ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఇడ్లీ పిండి గిన్నె వెనకాల పెట్టాను.

మధ్యాహ్నం మా ఆవిడ కుక్కర్ కడుగుతుండగా దాన్ని తీసి పంచె మడతలో దాచుకుని గదికి పోయాను. చల్లగా, గట్టిగా, నిజంగానే కాస్త సన్నబడి ఉంది. సిలిండర్‌లోకి పోయింది. ఆవిరి ముందే సిద్ధం చేసి పెట్టాను. వంటింట్లోంచి కేక వినపడింది.

"పెట్టినా!"

"నేనూ విడిచినా!" అన్నాను.

సాక్షిగా కోడలు వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఇంజన్ తిరిగింది. మొదటిరోజంత హుషారుగా కాదు గానీ తిరిగింది. కోడలు చక్రాన్ని చూస్తోంది, నేను కోడలి మొహం చూస్తున్నాను. మొదటి విజిల్ వచ్చింది. ఆవిరి లోపలికి పోయిన కొద్దీ రింగు వేడెక్కుతుందని నాకు తెలుసు. వేడెక్కితే దాని అసలు లావుకు వస్తుందనీ తెలుసు. దక్కు దక్కు అన్నది దక్కూ... దక్కూ... అయింది. ఆ తర్వాత చక్రం ఒక్కసారి వెనక్కి ఊగి నిలబడిపోయింది.

రెండో విజిల్ ఇంకా రాలేదు.

నేను చూపుడువేలు చక్రం ఆకు మీద పెట్టి తిప్పాను. మళ్లీ తిప్పాను. కింద దీపం మండుతోంది.

"తిరుగుతాందా?" అని వంటింట్లోంచి కేక.

"తిరుగుతాంది!"

కోడలు స్టూలు ముందుకు జరిపింది. నా వేలి వైపు చూసి, లోపలికి వినపడనంత చిన్నగా అంది. "మామా, వేలు కాల్తాది."

కాలింది కూడా. అయినా తిప్పాను. రెండో విజిల్ వచ్చింది. మూడోది రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను, కుక్కర్ నాతో పందెం వేసినట్టనిపించింది. వచ్చింది. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. నా ఆఖరి తోపుతో చక్రం ఇంకా మెల్లగా తిరుగుతోంది. దాన్నీ నన్నూ చూసింది.

"సరే. అన్న మాట అన్న మాటే. గది నీదే" అని వెళ్లిపోయింది.

ఈ ఘట్టం దాకా చెప్పి ఆపితే నేను గెలిచినట్టు ఉంటుంది. వీధిలో ఇద్దరు ముగ్గురికి అక్కడిదాకానే చెప్పాను.

అన్నానికి కూర్చుందామని హాల్లోకి వస్తే కోడలు గోడకూ సోఫాకూ మధ్య జానలతో కొలుస్తోంది. మా కొడుకు ఫ్యాను కింద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వాడి కాళ్ల దగ్గరికి వచ్చేసరికి కొలత ఆగిపోయింది. కాళ్లను ముట్టుకోకుండా, గాలిలోనే జాన పెట్టి అవతలికి దాటించింది. తర్వాత ఫోన్ తీసి వడ్రంగితో మాట్లాడింది. "అన్నా, మగ్గం కొంచెం కోసి చిన్నది చేయల్ల. హాల్లో పట్టడంల్యా. ఆ... చీర బార్డర్లు పట్టవు, తెలుసు. జాకెట్ల వరకు చాలు. పెండ్లికూతురు చీర వద్దని చెప్పేస్తాలే వాళ్లకు."

పెళ్లికూతురు చీర పని కూడా తనకే ఇచ్చారన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆ మాట నాతో తను ఎప్పుడూ అనలేదు.

విస్తట్లో అన్నం పడింది. పప్పు గిన్నె నా వైపు వచ్చింది. నేను గరిటె పట్టుకుని, పెట్టేశాను.

"అది నిలబడిపాయ" అన్నాను.

"ఏది?" అంది మా ఆవిడ.

"ఇంజన్. రెండో విజిల్ రాకముందే. నేనే వేలుతో తిప్పినా."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"దక్కుదక్కు అంటా ఉన్నది ఉన్నట్టుండి ఊరకైపాయ గదా. నాకు మోకాళ్లు పోయినాయి గాని చెవులు పోలా."

"మరి గది నీదే అని ఎందుకంటివి?"

"ఎంతసేపు కడుపులో పెట్టుకోని ఉంటావో చూద్దామని. పప్పు కలుపుకునేదంక గూడా ఉండలేకపోతివి."

కోడలు తల వంచుకుని నవ్వుతోంది. "మజ్జిగన్నం దంక ఉంటావనుకుంటి మామా" అంది. తర్వాత తెలిసింది, వంటింట్లో అత్తా కోడళ్లు దీని మీదే మాట్లాడుకున్నారని. నా వేలికి రాయడానికి తేనె సీసా కూడా ముందే తీసి పెట్టి ఉంది.

"వడ్రంగికి మల్లా ఫోన్ చెయ్" అన్నాను. "కోయొద్దను. పెద్దదే ఉండనీ, చీర పట్టేది."

"వద్దులే మామా, నీకు..."

"చేయమంటి గదా."

నా సామాన్లు నేనే ఎత్తాను. సోమవారం మగ్గం వచ్చేసరికి వైస్ ఊడదీసి, తలుపు రెక్క మిద్దె మీదికి చేర్చి, నేల కడిగించి పెట్టాను. కోడలి కోసం మనస్ఫూర్తిగా గది ఇచ్చేశానని చెప్పుకోవచ్చు. కానీ వైస్ మరలు విప్పేటప్పుడు కొడుకు సాయం పడతానంటే వద్దని కసిరాను. ఆ గదిలోంచి బయటికి వచ్చాక రెండు రోజులు పొద్దున స్నానం చేసి, చొక్కా వేసుకుని, ఎక్కడికి పోవాలో తెలియక హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్నాను. అది చదివిన పేపరే.

బావకు మాత్రం ఫోన్‌లో ఒప్పుకోలేకపోయాను. ఆయనే బెంగళూరు రింగులు పట్టుకుని బస్సెక్కి వచ్చాడు. ఉబ్బిన రింగు చేతిలో పెట్టాను. ఒకసారి నలిపి చూసి, "ఇది గోధుమ రంగా?" అన్నాడు.

"కాదు."

"నీకు రంగులు గూడా కనపడవా?"

"కనపడతాయి."

"ఆ." ఆ రింగును జేబులో వేసుకున్నాడు. ఉద్యోగమంతా పిల్లల అబద్ధాలు విన్నవాడికి అదొక లెక్కలోది కాదు. ఇల్లంతా చూసి, "యాడ కూర్చుందాం?" అని అడిగాడు.

మిద్దె మెట్ల కింద మా ఆవిడ పాత బకెట్లు పెట్టుకునే చోటు ఉంది. ఆవిడే వాటిని తీసేసింది. నేను అడగలేదు. అక్కడ ఒక రాతి బండ మీద వైస్ బిగించాం. ఇద్దరం చెరో పీట మీద కూర్చుంటే మూడో మనిషికి చోటు లేదు. లేస్తే మెట్టు తలకు తగులుతుంది. బావకు రెండుసార్లు తగిలింది, నాకు లెక్క లేదు. ఎక్స్‌రే ముక్కతో కొత్త రింగు ఎక్కించాను. బావ దీపం పట్టుకుని చూస్తూ, ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు అని చెప్తూ ఉన్నాడు. ఆ రోజు ఇంజన్ స్పిరిట్ అయిపోయేదాకా నిలబడకుండా తిరిగింది. చూసినవాళ్లు మేమిద్దరమే. పందెం అయిపోయింది, ఎవరూ దాన్ని లెక్క పెట్టలేదు.

ఇప్పుడు పొద్దున స్నానం చేసి, చొక్కా వేసుకుని, మెట్ల కిందికి పోతాను. అది కార్ఖానా అని అందరికీ చెప్తాను. వచ్చి చూస్తామంటే మాత్రం రేపు రమ్మంటాను. వీధి గదిలో పెళ్లికూతురు చీర మగ్గానికి బిగించి ఉంది. ముగ్గురు ఆడవాళ్లు చుట్టూ కూర్చుని కుడుతున్నారు. ఆ గది తలుపు తీసి ఉంటే వాళ్ల మాటలు నాకు వినపడతాయి, నా ఇంజన్ చప్పుడు వాళ్లకు వినపడుతుంది.

మొన్న జాకెట్ కొలతలకు వచ్చిన ఒకామె అడిగింది. "ఏంది ఆ సప్పుడు, మెట్ల కింద?"

"మా మామ" అంది కోడలు, సూది ఆపకుండా. "ఇంజన్లు చేస్తాడు."

ఉన్నది ఒకటే. అది కూడా నేను చేసింది కాదు. మెట్ల కిందనుంచి అరిచి ఆ మాట దిద్దవచ్చు. దిద్దలేదు.